చిత్తు చూపించమన్నారు

నేను ముప్ఫై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పేనని చోడవరంలో అందరూ అంటారు. వాళ్ల అభిమానం. సిలబస్‌లో ఉన్న పాఠాలు ఎవరైనా చెప్తారు, పుస్తకం చూసుకుని నేనూ చెప్పేను. నేను పట్టుబట్టి నేర్పింది ఒక్కటే, రాసిందాన్ని కొట్టేసి మళ్లీ రాయడం. ఆ పనిలో నాకు సాటి ఎవరూ లేరని ఈ వయసులో సిగ్గు లేకుండా చెప్పుకుంటాను.

కాలేజీలో కొత్తగా చేరే కుర్ర లెక్చరర్ల కోసం ఇది రాస్తన్నాను. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఇంక్రిమెంట్ ఎవరు ఆపేరు, ఇన్‌స్పెక్షన్‌లో ఏటి జరిగింది, అలాంటివేవీ ఇందులో ఉండవు. అవే కావాలంటే నా సర్వీసు రిజిస్టరు ఏ బీరువాలోనో బూజు పట్టి ఉంటుంది, దులుపుకుని చదువుకోండి. నేను ఒక పిల్ల సంగతి చెప్తాను. నా వల్ల ఆ పిల్లకి దొంగ అన్న పేరు రాబోయింది. అంతకన్నా పనికొచ్చే పాఠం నా దగ్గర ఇంకోటి లేదు.

వ్యవసాయ ప్రధాన దేశం

నేను చేరేసరికి అరవైలు అయిపోవస్తన్నాయి. కాలేజీ పేరెందుకు లెండి, చోడవరంలో ఒక కాలేజీ. డిగ్రీలో తెలుగు మీడియం అప్పుడప్పుడే వస్తంది. పాఠం తెలుగులో చెప్పమన్నారు, బాగానే ఉంది, పుస్తకాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. మేం ఇంటి దగ్గర తర్జుమా చేసుకుని వచ్చి చెప్తే పిల్లలు రాసుకునేవారు. రావికమతం, దేవరాపల్లి, కె.కోటపాడు, అన్ని వైపుల నుంచీ బస్సుల మీదా సైకిళ్ల మీదా వచ్చే రైతుల పిల్లలు. చాలామంది ఇళ్లలో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి వాళ్లే.

మొదటి టర్ములో ఒక వ్యాసం రాసుకు రమ్మన్నాను. చెరకు పండించే రైతు ఫ్యాక్టరీకి తోలడం మేలా, బెల్లం వండుకోవడం మేలా? ఇదీ ప్రశ్న. పుట్టిన దగ్గర్నుంచీ కళ్లతో చూస్తన్న సంగతి కదా, దంచేస్తారనుకున్నాను. నలభై రెండు వ్యాసాలొచ్చేయి. నలభై రెండింటిలోనూ మొదటి వాక్యం ఒక్కటే: "భారతదేశము వ్యవసాయ ప్రధాన దేశము." చెరకు అన్న మాట మూడో పేజీ దాకా రాలేదు. కొందరికి అప్పటికీ రాలేదు.

నాకు ఒళ్లు మండింది. "మీ ఇళ్లలో చెరకు లేదురా? బెల్లం ఎప్పుడూ తినలేదురా?" అని క్లాసులో అరిచేను. ఒకడు లేచి నిలబడి, "తింటామండి. గైడులో లేదండి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చి కోపం పోయింది.

తర్వాత మెల్లిగా అడిగితే అసలు రోగం బయటపడింది. హైస్కూల్లో వీళ్లకి వ్యాసమంటే బట్టీ పట్టింది అచ్చంగా దించేయడం. కాగితం మీద కొట్టివేత కనిపిస్తే వీపు పేలిపోయేది. రావికమతం కుర్రాడొకడు ఆఖరి లైన్లో ఒక్క అక్షరం తప్పు పోతే నాలుగు పేజీలూ చింపేసి మళ్లీ మొదట్నుంచీ దించేనని గొప్పగా చెప్పేడు. ఆలోచన మారినందుకు కాదండీ, కాగితం మాసినందుకు!

అందుకని నేనొక పద్ధతి పెట్టేను. ముందు చిత్తు రాయాలి. తోచింది తోచినట్టు రాసేయాలి. రెండ్రోజులాగి చదువుకుని నచ్చనిదల్లా కొట్టేయాలి. మళ్లీ ఇంకో చిత్తు. అప్పుడు గానీ సాపు రాయకూడదు. "ఒక్కసారి రాసీసరికే సేతులు పడిపోతన్నాయి మాస్టారూ" అని గోల పెట్టేరు. పడిపోతే పడిపోనీండి, ఆలోచన నిలబడుతుంది అన్నాను. కొట్టివేతంటే వాళ్లకున్న భయం పోగొట్టాలని ఇంకో మాట కూడా చేర్చేను: "మీ చిత్తు ఎవరికీ చూపించక్కర్లేదు. అందులో ఎన్ని తప్పులున్నా ఎవరూ చూడరు. సాపు ఒక్కటే నాకియ్యండి చాలు."

ఆ మాట అన్నందుకు నన్ను నేనే ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను. పిల్లల మనసు తెలిసిన మాస్టారినని పొంగిపోయేను. ఆ మాటే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

ఎర్ర సిరా

వరహాలమ్మ బి.ఎ. ఆఖరి సంవత్సరంలో ఉండగా జరిగింది ఇదంతా. అప్పటికి నేను చేరి నాలుగేళ్లు దాటింది. ఆ పిల్లది కె.కోటపాడు దగ్గర పల్లె. అందరూ వరాలు అనీవారు. క్లాసులో నలుగురే ఆడపిల్లలు, అందులో ఈ పిల్ల నోరు విప్పడం ఎవరూ విన్న పాపాన పోలేదు. బి.ఇడి. చదివి హైస్కూల్లో టీచరవ్వాలని మాత్రం గట్టి పట్టుదల. వాళ్ల ఊరి నుంచి చోడవరం దాకా చదువుకోడానికి వచ్చిన ఆడపిల్ల తనొక్కర్తే.

కాలేజీలో ఒక గోడ పత్రిక ఉండేది. వరండాలో పెద్ద బోర్డు, దాని మీద పిల్లలు రాసిన సాపు కాగితాలు అంటించేవారు. ఆ ఏడు దానికి నేను ఇంచార్జిని. దాని కోసమని అదే చెరకు ప్రశ్న మీద వరాలు ఒక చిత్తు రాసి, ధైర్యం చేసి స్టాఫ్ రూముకి పట్టుకొచ్చింది. నేను చూపించక్కర్లేదన్నా తనంతట తనే తెచ్చింది. చదివేను. మళ్లీ వ్యవసాయ ప్రధాన దేశమే.

"ఏటమ్మా ఇది! మీ ఇంట్లో ఏం చేస్తారు? ఫ్యాక్టరీకి తోలతారా, బెల్లం వండుతారా?" అని అడిగేను.

"రెండూనండి."

"రెండూ ఎందుకు?"

అప్పుడు మొదలెట్టింది. ఫ్యాక్టరీకి తోలాలంటే వరస ప్రకారం కోత పర్మిట్ రావాలట. వాళ్ల వంతు వచ్చేదాకా ఆగాలట. బెల్లమైతే మన ఇష్టం గానీ గానుగ దగ్గరికి మనుషులు దొరకాలట. "ఫ్యాక్టరీకి తోలితే మా అయ్య ఎదురు చూడాలండి. బెల్లం వండితే మా అమ్మ ఎదురు చూడాలి. గానుగ ఆడినన్నాళ్లూ మగాళ్లు ఇంటికి రారు కదండీ. అందుకని సగం అటూ సగం ఇటూ. ఇద్దరూ సగం సగం ఎదురు చూస్తారు" అంది.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "ఇదే రాయి" అన్నాను.

"నవ్వుతారండి. అవి మాటలు కదా, రాత కాదు కదా" అంది.

కొత్తగా చేరే వాళ్లారా, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. పల్లెటూరి నుంచి కాలేజీకొచ్చిన పిల్లకి తెలివి తక్కువై రాయలేకపోవడం ఉండదు. తనకి తెలిసింది రాయడానికి పనికిరాదని ఎవరో నమ్మించేరు. ఆ నమ్మకాన్ని ఊడబెరకడమే మన పని, మిగతా అంతా తర్వాత.

రెండో చిత్తు తెచ్చింది, మూడోది తెచ్చింది. ఒక్కో చిత్తుకీ ఆ పిల్ల మాట కాగితం మీదకి ఎక్కుతా వచ్చింది. నేను ప్రశ్నలడిగి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. ఎర్ర సిరా పెన్ను చేతిలో ఉంటే మాస్టారి చెయ్యి ఊరుకోదు. మూడో చిత్తులో ఆఖరి పేరాకి కాస్త శాస్త్రం తగిలిస్తే నిండుగా ఉంటుందనిపించి, నా సొంత వాక్యమొకటి మార్జిన్‌లో రాసేను: "ఉత్పత్తిదారుని బేరసారాల శక్తి కాలయాపన వలన క్రమేపీ క్షీణించును." రాసి మురిసిపోయేను కూడా. ఆ పిల్ల బుద్ధిగా దాన్ని సాపులో ఎక్కించింది. మాస్టారు రాస్తే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ప్రిన్సిపాల్ గారి గది

వ్యాసం బోర్డు మీద ఎక్కిన మర్నాడు ప్రిన్సిపాల్ గారు కబురెట్టేరు. గదిలోకి వెళ్లేసరికి వరాలు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. బోర్డు మీంచి ఊడదీసిన కాగితాలు ఆయన టేబుల్ మీద ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారి గురించి చెప్పాలి. గోదావరి వైపు మనిషి. చండశాసనుడు. అటెండెన్స్ విషయంలో కన్నకొడుకునైనా ఒదలడు. కాపీ అన్నా, దొంగ సంతకమన్నా ఆయనకి పూనకం వచ్చేది. అన్యాయస్తుడు మాత్రం కాడు. ఎవరి రికమెండేషనూ వినడు, ఎవరి ఇంట్లోనూ కాఫీ తాగడు. అలాంటి బాసు దొరకడం అదృష్టమని రిటైరయ్యేక తెలిసింది, అప్పట్లో ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే గోడకి అతుక్కుపోయేవాళ్లం.

"ఈ వ్యాసం నువ్వే రాశావా?" అని వరాల్ని అడిగేరు.

"నేనే రాసేనండి."

"అయితే ఇది చెప్పు. బేరసారాల శక్తి అంటే ఏమిటి?"

వంద వాక్యాలుండగా ఆయన వేలు సరిగ్గా నా వాక్యం మీదే పడింది. వరాలు తల దించుకుంది. దాని అర్థం ఆ పిల్లకి తెలీదు, నేను చెప్పలేదు, తను అడగలేదు.

"సరే. నువ్వే రాస్తే చిత్తు ఉంటుంది కదా. చూపించు."

"లేదండి."

"ఏమైంది?"

"పొయ్యిలో పెట్టేసేనండి."

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసి నవ్వేరు. ఆ నవ్వులో సంతోషం లేదు. నాకు మాత్రం ఆ పిల్ల చెప్పింది నిజమేనని తెలుసు. ఆ ఇళ్లలో రాసేసిన కాగితం పొయ్యి రాజేయడానికే. పైగా కొట్టివేతలున్న కాగితం ఎవరి కంటా పడకూడదని వాళ్ల భయం. ఆ భయానికి తోడు, చిత్తు ఎవరికీ చూపించక్కర్లేదని వేదవాక్కులా చెప్పిన మహానుభావుణ్ని నేను. మూడు చిత్తుల్నీ ఆ పిల్ల శుభ్రంగా కాల్చేసింది.

"పరుల రచన తనదిగా చూపెను అని కాండక్ట్ సర్టిఫికెట్‌లో రాస్తాను. రేపు మీ నాన్నగారిని తీసుకురా" అన్నారు.

కాండక్ట్ సర్టిఫికెట్‌లో ఆ ముక్క పడితే బి.ఇడి. సీటు మాట దేవుడెరుగు, ఏ కాలేజీ గేటూ తెరుచుకోదు. వరాలికి తెలుసు. ఏడవలేదు. తలెత్తి నా వైపు ఒక్కసారి చూసింది.

నేను మాట్లాడలేదు.

అవును, రాస్తన్నాను కదా, దాచడం దేనికి? నా పోస్టు అప్పటికింకా టెంపరరీ. ఏటా జూన్ నెలలో ఆయన సంతకం పెడితేనే ఇంకో ఏడాది. ఆ వాక్యం నాదండీ అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలూ ఆయన టేబుల్ మీద పేపర్ వెయిట్ కేసి చూస్తా నిలబడ్డాను. వరాలు "వెళ్లొస్తానండి" అని బయటకి వెళ్లిపోయింది. చేతకాని వెధవని అని నన్ను నేను తిట్టుకుంటా స్టాఫ్ రూముకొచ్చి, తర్వాత పిరియడ్ పాఠం కూడా చెప్పేను. ఏం చెప్పేనో నాకే తెలీదు.

వరాలు వాళ్ల అయ్య

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చేడు. తెల్లని పంచె, భుజమ్మీద తువ్వాలు. కూతుర్ని చెట్టు కింద నిలబెట్టి, స్టాఫ్ రూము గుమ్మం దగ్గరకొచ్చి నన్నే అడిగి పిలిపించేడు. చేతులు కట్టుకుని నిలబడితే నాకు తల కొట్టేసినట్టయ్యింది. వయసులో మా నాన్నంత మనిషి.

"మాస్టారు బాబూ, మా గుంట కాపీ కొట్టీసిందంటన్నారు. నాకు సదువు రాదు. కాపీ అంటే ఏటో ఆ గుంటే సెప్పింది నాకు, పుస్తకంలోది సూసి రాసీడం అంట. మా ఇంట్లో ఏ పుస్తకం ఉంది బాబూ?"

గుమ్మం దగ్గరికి కుర్చీ లాగేను. ఆయన కూర్చోలేదు.

"పొయ్యి కాడ కూకుని రాసింది. నన్నూ వాళ్లమ్మనీ కూకోబెట్టి అడిగింది. సెరకు గురించి నన్నడిగిన మనిషి ఇన్నేళ్లలో ఇదొక్కర్తే. నాను సెప్పింది రాసింది, అది కాపీ అయితే నా దగ్గర కొట్టింది బాబూ. నాకేటీ అభ్యంతరం లేదు. ఆ బాబుగారికి అలా సెప్పీమంటారా?"

ఆయన గొంతు తగ్గించి, "మీరు సూసేరు కదా బాబూ దాని రాత. మీకు మూడు సిత్తులూ సూపించేనంది" అన్నాడు.

చూసేను. ఈ లోకంలో ఆ మూడు చిత్తులూ చూసిన మనిషిని నేనొక్కణ్నే. "మీరిక్కడే కూర్చోండి" అని చెప్పి ప్రిన్సిపాల్ గారి గదిలోకి నడిచేను.

"సార్, ఆ బేరసారాల వాక్యం నాదండి. నేనే రాసి ఇచ్చేను. మిగతా వ్యాసమంతా ఆ పిల్లదే. చిత్తులు నేను కళ్లారా చూసేను" అన్నాను.

ఒప్పుకుంటే సంగతి తేలిపోతుందనుకున్నాను. మరీ ముదిరింది. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టేరు.

"అంటే వ్యాసం మీరు రాసిచ్చారన్నమాట."

"ఒక్క వాక్యమేనండి."

"ఒకటి రాసినవారు పది రాయలేదని నేనెలా నమ్మాలి? నిన్న ఇదే గదిలో నిలబడి నోరెందుకు మెదపలేదు? పైగా ఆడపిల్ల, మీరు పెళ్లికాని వారు. ఊళ్లో నాలుగు నోళ్లు దీన్ని ఏం చేస్తాయో ఆలోచించారా?"

ఆయన అన్న ప్రతీ ముక్కా సబబే. నేను నిన్న చెప్పి ఉంటే నిజం, ఇవాళ చెప్తే అది సాకు. అప్పుడు నాకు తెలిసిన విద్య ఒక్కటే గుర్తొచ్చింది.

"సార్, ఆ పిల్ల చేత మీ ఎదురుగా రాయించండి. విషయం మీరే ఇవ్వండి."

"బాగుంది. గంట టైమిస్తాను."

"గంట వద్దండి. గంటలో రాసేది బట్టీ ఒక్కటే. మూడు రోజులివ్వండి. రోజుకో చిత్తు. మీ గదిలోనే రాస్తుంది, కాగితాలు మీ బీరువాలోనే పెట్టి తాళం వెయ్యండి. ఆ మూడు రోజులూ నేను ఆ పిల్ల మొహం కూడా చూడను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మూడో రోజు సాయంత్రం కూడా నాకు నమ్మకం కలగకపోతే ఆ పిల్లది కాండక్ట్ సర్టిఫికెట్, మీది రాజీనామా. ఒప్పుకుంటారా?" అన్నారు.

ఒప్పుకున్నాను. ఇంకేటి చెయ్యగలను?

మూడు చిత్తులు

ఆయన ఇచ్చిన విషయం వింటే నాకు నీరసం వచ్చేసింది. "కళాశాలలో హాజరు నియమము ఎందుకు అవసరము?" జవాబు ప్రశ్నలోనే ఉంది. అటెండెన్స్ అంటే ప్రాణం పెట్టే మనిషి ఎదురుగా కూర్చుని, ఆయన గదిలో, ఆయన రూలు గురించి రాయాలి. ఈ మూడు రోజుల్లో ఆ గదిలో జరిగిందంతా తర్వాత ప్రిన్సిపాల్ గారే నాకు చెప్పేరు.

మొదటి రోజు వరాలు గంటన్నర రాసింది. "క్రమశిక్షణ విద్యార్థి జీవితమునకు పునాది వంటిది" అని మొదలు. ఆయన చదివి సంతోషించేరు. "చక్కగా ఉందే! ఇంక రేపు రావడమెందుకు?" అన్నారట.

"ఇది చిత్తండి. ఇంకా అవలేదండి" అందట.

ఆయనకి విసుగొచ్చి, ఏదో ఒకటి అడగాలని, "ఇంతకీ నీ అటెండెన్స్ ఎంత?" అన్నారట. తక్కువేనని చెప్పింది. ఎందుకు తక్కువని అడిగేరు. "బస్సండి" అంది. "మరి ఆ సంగతి ఇందులో రాయలేదేం?" అన్నారట ఆయన.

చూసేరా? ఎర్ర సిరా పట్టుకున్న మాస్టార్ని నేను చెయ్యని పని, పాఠం చెప్పడం మానేసి ఎన్నో ఏళ్లయిన ఆ పెద్దాయన అనుకోకుండా చేసేరు. వాక్యం రాసివ్వలేదు, అడిగి ఊరుకున్నారు. నలభై కాగితాలు దిద్దినా నాకు తట్టని పద్ధతి అది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా పిల్లల చిత్తు మీద నేను ప్రశ్న తప్ప ఒక్క వాక్యం రాయలేదు. మీరూ రాయకండి. చెయ్యి దురద పెడితే ఇంటికెళ్లి మీ సొంత వ్యాసం రాసుకోండి.

రెండో రోజు వరాలు నిన్నటి కాగితం అడిగి తీసుకుని, మొదటి పేజీలో ముప్పావు భాగం ఒక్క గీతతో కొట్టేసిందట. ఆయన ఎదురుగానే, పునాది వంటిది అన్న ముక్కతో సహా. ఆయన మొహం గంటు పెట్టుకున్నారట. ఆ పిల్ల చూసి కూడా ఆగలేదట. ఆ రోజంతా రాయడం, కొట్టేయడం. వెళ్లేటప్పుడు కాగితం ఆయన చేతికిస్తే చదవలేకపోయేరట, అన్ని గీతలున్నాయి.

ఆ మూడు రోజులూ నా సంగతి అడక్కండి. ఆ పిల్ల కనిపిస్తే దారి మార్చుకున్నాను. రూలుకి ఎదురు రాస్తే ఆయనకి కోపమొస్తుందేమో, రూలుని పొగిడితే బట్టీ అంటారేమో! ఎటు చూసినా గొయ్యే అనిపించింది. రాజీనామా కాగితం కూడా రాసి జేబులో పెట్టుకున్నాను. దానికి మాత్రం చిత్తు అవసరం లేకపోయింది.

మూడో రోజు సాయంత్రం నన్ను పిలిచేరు. వరాలు కిటికీ పక్కన బల్ల దగ్గర నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ గారు సాపు నా చేతికిచ్చి, "పైకి చదవండి" అన్నారు.

చదివేను. హాజరు నియమం అక్కర్లేదని రాయలేదు ఆ పిల్ల. కావాలనే రాసింది. రూలు లేకపోతే తను కూడా వానాకాలంలో సగం రోజులు ఇంట్లో ఉండిపోయేదాన్నని ఒప్పుకుంది. కానీ రూలు అందరికీ ఒక్కటే అయినా దారి అందరికీ ఒక్కటి కాదంది. తమ ఊరి బస్సు మొదటి పిరియడ్ సగం అయ్యేక గానీ రాదని, ఆ సగం పాఠం కోసం పరుగెత్తుకొచ్చినా గైర్హాజరే పడుతుందని, అందుకని కొందరు ఆ రోజుకి రావడమే మానేస్తారని రాసింది. ఆ తర్వాత వాళ్ల ఊరి వాగు గురించి ఈ రెండు వాక్యాలు ఉన్నాయి. ఇవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు:

"గెడ్డ పొంగిన రోజు బస్సు అవతలి ఒడ్డున ఆగిపోతుంది. ఆ రోజు గైర్హాజరు నాకు పడుతుంది, గెడ్డకి పడదు."

ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివేను. ప్రిన్సిపాల్ గారు నవ్వేరు. ఆయన పళ్లు నేను చూడ్డం అదే మొదటిసారి. కాగితం నా చేతిలోంచి తీసుకుని, "మాస్టారూ, మీ బేరసారాల శక్తి చదివాను. ఈ వాక్యం మీవల్ల కాదు లెండి" అన్నారు.

అంతకన్నా గొప్ప సర్టిఫికెట్ నాకింకెవరూ ఇవ్వలేదు. నా చేతకానితనమే ఆ పిల్లకి సాక్ష్యం అయ్యింది.

ఆయన వరాలి వైపు తిరిగి, "అమ్మాయ్, నేను పొరబడ్డాను" అని ముక్కుసూటిగా అన్నారు. కాండక్ట్ సర్టిఫికెట్‌లో 'చాలా మంచిది' అని రాసేరు. చెరకు వ్యాసం మళ్లీ బోర్డెక్కింది, నా వాక్యం లేకుండా. అటెండెన్స్ రూలు మాత్రం మార్చలేదు, అంత తేలిగ్గా లొంగే మనిషి కాదాయన. కె.కోటపాడు బస్సు పిల్లలకి మొదటి పిరియడ్ సగం దాకా టైమిచ్చేరు, అంతే.

మెట్ల మీద

గదిలోంచి బయటకొచ్చి మెట్లు దిగుతుంటే నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఉద్యోగం నిలబడింది, పిల్ల పేరు నిలబడింది. వరాలు నా పక్కనే దిగుతంది. ఏదో పెద్దరికంగా చెప్పాలని, "చూసేవా అమ్మా, మన పద్ధతి ఎంత గట్టిదో" అన్నాను.

వరాలు ఆగింది. మూడేళ్లలో ఎప్పుడూ నా మొహంలోకి చూసి మాట్లాడని పిల్ల, నిలబడి నా కళ్లలోకి చూసింది.

"మాస్టారూ, ఆ రోజు మీరక్కడే ఉన్నారు కదండీ. ఆ వాక్యం మీదని ఎందుకు చెప్పలేదండి?"

ఎన్ని జవాబులు తన్నుకొచ్చేయో! టెంపరరీ పోస్టు, ఇంట్లో పరిస్థితి, సమయం చూసి చెబుదామనుకున్నానని ఒకటి. ఒక్కోటీ నోటి దాకా వచ్చింది. ఒక్కోటీ నాకే నచ్చలేదు. కొట్టేసుకుంటా పోతే చివరికి ఒక్క మాట మిగిలింది.

"భయపడ్డానమ్మా" అన్నాను.

ఆ పిల్ల మొహం చూసేను. కోపం లేదు, జాలి కూడా లేదు.

"నేనూ భయపడ్డానండి. ఆయన ఎదురుగా కూర్చుని ఆయన రూలు గురించి రాయాలి కదండీ. అయినా రాసేను" అని బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది.